ఎఱ్ఱచేపయు మాయలేడియు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలో, అందును శాసనసభ వార్తలు పడు పుటలలో, "రెడ్ హెర్రింగ్" అను ఇంగ్లీషు పలుకుబడి అప్పుడప్పుడు కనబడుచుండును. ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు జవాబు చెప్పక, వేరొక సంగతిని ముందునకు తెచ్చి సభనంతటిని దాని వెంట పరుగెత్తించినచో, "ఇది రెడ్ హెర్రింగ్" అని మొదటివారు ఆక్షేపింతురు. మాటకు మాట తెనిగించినచో "ఎఱ్ఱ హెర్రింగు చేప" అని యగును. చేపకును చర్చకును సంబంధమేమని చదువరికి సందేహము కలుగుట సహజము. నిఘంటువు తీసి చూచినవారికి "అసలు విషయమునుండి దృష్టిని మరలించునది" అను అర్థము దొరకును గాని, చేప ఏల వచ్చినదో, అది ఎఱ్ఱగా ఏల ఉన్నదో దొరకదు. ఆ రెండు సంగతులును, వానితోపాటు ఈ భావమునకు తెలుగువారి నోట ఏ మాటలున్నవను సంగతియు నేటి ప్రసంగమునకు విషయము.

హెర్రింగు అనునది ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమునను, ఇంగ్లండునకు తూర్పుననున్న ఉత్తర సముద్రమునను గుంపులు గుంపులుగా తిరుగు చేప. జానెడు, లేదా అంతకు కొంచెము మించిన పొడవు గలది. గోదావరిలో దొరకునది కాదు. దీనిలో కొవ్వు ఎక్కువ; కావున పట్టిన వెంటనే చెడును. మంచుగడ్డలలో పెట్టి దాచు సౌకర్యము లేని కాలమున దీనిని నిలువచేయుటకు అక్కడివారు రెండు పద్ధతులు అవలంబించిరి. ఉప్పులో ఊరవేసి పీపాలకెత్తినది తెల్ల హెర్రింగు. ఉప్పు పట్టించిన పిదప పొగ గదులలో వ్రేలాడదీసి, దినముల తరబడి కట్టెల పొగ పట్టించినది ఎఱ్ఱ హెర్రింగు. అంతియే కాని సముద్రమున ఎఱ్ఱ హెర్రింగు అను జాతి ఏదియు లేదు. ఆ రంగు పొగ పెట్టిన రంగు. అంగడినాడు ఎండుచేపల గంప ఏ మూలనున్నదో ఎవరినీ అడుగవలసిన పనిలేదు, ముక్కే చెప్పును గదా! ఉప్పును పొగయు కలిసిన ఈ చేప వాసన అంతకంటెను ఘాటైనది. ఎఱ్ఱ హెర్రింగు అను పేరు 15వ శతాబ్దము నాటికే ఇంగ్లీషున వాడుకలో నున్నది. 1599లో థామస్ నాష్ అను రచయిత యార్మత్ రేవు పట్టణమును, అక్కడి ఎఱ్ఱ హెర్రింగును పొగడుచు ఒక పుస్తకమే వ్రాసెను. అప్పటికి అది తినుబండారమే, పలుకుబడి కాలేదు.

ఇక పలుకుబడి పుట్టుక. పుస్తకములలో సాధారణముగా కనబడు కథ ఇట్లుండును: ఇంగ్లండున వేటకుక్కలకు శిక్షణ ఇచ్చువారు నక్క అడుగుజాడలకు అడ్డముగా ఈ చేపను నేలమీద ఈడ్చుకొని పోయెడివారు, పసికుక్క చేప వాసన వెంట పరుగెత్తును, అట్లు పరుగెత్తకుండ నక్క వాసననే పట్టుకొని పోవునట్లు దానికి నేర్పెడివారు. మరికొందరు చెప్పునది, దొంగలు తమ్ము తరుము కుక్కలను తప్పించుకొనుటకు ఈ చేపను వాడెడివారని. రెండు కథలును వినుటకు బాగుగనే యున్నవి. చాలకాలము పెద్ద నిఘంటువులు సయితము మొదటి కథవైపే మొగ్గు చూపినవి.

అయితే 2008లో జెరాల్డ్ కోహెన్, రాబర్ట్ స్కాట్ రాస్ అను ఇద్దరు పరిశోధకులు పాత గ్రంథములను మరల తిరుగవేసి చూచిరి. నికొలస్ కాక్స్ పేర ప్రసిద్ధమైన వేట గ్రంథముతో కలిపి 1697లో ముద్రితమైన అశ్వశిక్షా ప్రకరణమున ఈ చేప ప్రస్తావన యున్నది. కాని అక్కడ కుక్కలను దారి తప్పించుట అను మాటయే లేదు. వేటకు దొరకిన మృగము లేని దినమున చచ్చిన పిల్లినో నక్కనో, అవియు లేనినాడు ఎఱ్ఱ హెర్రింగునో నేలమీద ఈడ్చి, ఆ వాసన వెంట కుక్కలను వదలి, వాని వెంట గుఱ్ఱమును పరుగెత్తించినచో గుఱ్ఱమునకు వేటలో పరుగు అలవడునని అందలి సలహా. అనగా చేప అక్కడ దారిని చూపుటకే యున్నది గాని తప్పించుటకు లేదు. తరువాతివారు ఆ వాక్యములను పైపైన చదివి, గుఱ్ఱమును విడిచి కుక్కను పట్టుకొనిరి. చదువుటలో ఇట్టి తొందరపాటు పండితులకును తప్పలేదు.

మరి తప్పుదారి అను అర్థము ఎక్కడినుండి వచ్చినది? ఒక పత్రికా రచయిత కలమునుండి. అతని పేరు విలియం కాబెట్. అతడు 1763లో ఇంగ్లండు దక్షిణ భాగమున ఫార్న్‌హాం అను ఊర రైతు ఇంట పుట్టినవాడు. బడి చదువు లేదు. తండ్రి నేర్పిన అక్షరములే ఆధారము. చిన్ననాడు పొలమున పిట్టలను తోలెడివాడు. పిమ్మట సైన్యమున సాధారణ సిపాయిగా చేరి, అక్కడ ఒక వ్యాకరణ గ్రంథమును తన చేతితో ప్రతి వ్రాసికొని, కాపలా నిలుచున్న వేళల కంఠస్థము చేసెను. అట్లు నేర్చినవాడు 1818లో తానే ఇంగ్లీషు భాషకు ఒక వ్యాకరణము వ్రాసెను. 1802లో "పొలిటికల్ రిజిస్టర్" అను వారపత్రికను ప్రారంభించి, 1835లో కన్నుమూయువరకు దానిని నడిపెను. సైనికులను కొరడాలతో కొట్టించుటను ఖండించి వ్రాసినందుకు 1810లో రెండేండ్ల చెరసాల శిక్ష పొందెను. 1816లో పత్రిక వెలను రెండు పెన్నీలకు దించినప్పుడు, కూలినాలి జనులు పలువురు కలిసి ఒక ప్రతి కొని, చదువు వచ్చిన ఒకరిచేత పైకి చదివించుకొని వినెడివారు. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిన దినములలో తెలంగాణములోను పత్రిక యనగా ఒకరు చదువగా పదిమంది వినునదియే. కావున కాబెట్ వంటివాని సంగతి ఇక్కడి చదువరులకు పరాయిది కాదు.

ఆ కాబెట్ 1807 ఫిబ్రవరి 14వ తేదీ సంచికలో ఒక చిన్ననాటి ముచ్చట వ్రాసెను. కుక్కలు కుందేలును తరుముచుండగా, తాను ఎఱ్ఱ హెర్రింగును త్రాటికి కట్టి ఈడ్చి, కుక్కలను కుందేలు దారినుండి మరలించితినని దాని సారాంశము. వెంటనే దానిని నాటి పత్రికలకు అన్వయించెను. నెపోలియను ఓడిపోయెనను ఒక తప్పుడు వార్త అప్పుడు వచ్చినది. లండను పత్రికలన్నియు ఆ వార్త వెంట పరుగెత్తి, దేశములోపలి ముఖ్య విషయములను విడిచిపెట్టినవి. ఇది రాజకీయపు ఎఱ్ఱ హెర్రింగు, దీని వాసన శనివారము నాటికి చల్లబడినది అను భావముతో అతడు ఎత్తిపొడిచెను. ఈ ముచ్చటను 1833లో మరల చెప్పెను. అతని పత్రిక చదువని ఊరులేదు గావున మాట దేశమంతట వ్యాపించినది.

ఇందొక వింత యున్నది. కాబెట్ చిన్ననాడు నిజముగా ఆ పని చేసెనా? పరిశోధకులు నమ్మరు; అది దృష్టాంతము కొరకు అల్లిన కథ యనియే వారి అభిప్రాయము. అనుభవముగల వేటకుక్క చేప వాసనకు ఒక క్షణము తికమకపడినను, మరల తన దారి తాను పట్టుకొనును. అట్లయినచో కుక్కను మోసగించలేని చేప రెండువందల యేండ్లుగా మనుష్యులను మోసగించుచున్నదన్నమాట. కుక్క ఎక్కువ తెలివిగలది యని కాదు. కుక్క తాను దేనికొరకు బయలుదేరినదో మరువదు.

తెలుగున దీనికి సాటియైన పలుకుబడి ఏది? "దృష్టి మళ్ళించుట" అని పత్రికలవారు వ్రాయుదురు. అది అర్థమే గాని పలుకుబడి కాదు. వెదకినచో మూడు నాలుగు మంచి మాటలు దొరకును.

మొదటిది దీమము. నేడు నిఘంటువులలో మాత్రమే మిగిలినది. వేటగాడు మచ్చిక చేసి పెంచిన లేడినో, కౌజునో అడవిలో నిలిపి, దానిని చూచి దరికి వచ్చు తోటి మృగములను, పక్షులను వలలో పట్టును. ఆ పెంపుడు మృగమునకు దీమమని పేరు. ఇంగ్లీషు మాటయు వేటనుండియే పుట్టినది గాని రెంటికి భేదమున్నది. దీమము వేటను వలవైపు రప్పించును. ఎఱ్ఱచేప వేటకుక్కను వేటనుండి తప్పించును. బాధపడువారు వేరు వేరు.

రెండవది కనికట్టు. కన్ను, కట్టు కలిసిన మాట. సంతలలో గారడివాడు ఆడించు ఆటను చూచినవారికి దీని యర్థము చెప్పనక్కరలేదు. అతడు ఎవరి కంటికిని గుడ్డ కట్టడు. ఎడమచేత డోలు వాయించును. నోటితో మాట ఆపడు. పాము బుట్టమూత కొంచెమెత్తి మరల మూయును. చూచువారి కండ్లు బుట్టమీద నుండగా గోలీ కుడిచేతినుండి మాయమగును. ఇందు గమనింపవలసిన దొకటి. డోలు నిజమైనదే, పాము నిజమైనదే, బుట్టయు నిజమైనదే. అతడు చూపినదానిలో అబద్ధము లేదు.

మూడవది సామెత. తాటిచెట్టు ఎందుకు ఎక్కినవురా అని అడిగినచో, దూడగడ్డి కోసమన్నాడట. కరీంనగరు ప్రాంతమున తాటివనములు లేని ఊరు అరుదు. చెట్టెక్కువాడు దేనికొరకు ఎక్కునో పసిపిల్లలకును తెలియును. అడిగినదొకటి, చెప్పినదొకటి యనుటకు ఈ సామెత చక్కగా సరిపోవును. కాని దీనిని విన్నవారు నవ్వుదురే గాని గడ్డి వెంట పరుగెత్తరు. ఎఱ్ఱచేప పనిచేయవలెనన్నచో వాసన గట్టిగా నుండవలెను. దూడగడ్డికి అంత వాసన లేదు.

అన్నిటికంటె సరియైన సాటి రామాయణముననే యున్నది. అది మాయలేడి. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ధర్మపురిలో నివసించిన శేషప్పకవి, నరసింహ శతకముతోపాటు ధర్మపురి రామాయణమను యక్షగానమును రచించినవాడుగా ప్రసిద్ధుడు. చిందు భాగవతుల ఆటలు, యక్షగానములు తెల్లవార్లు చూచిన గ్రామములకు మారీచుని కథ కొత్తది కాదు. అయినను ఈ దృష్టితో ఒక్కసారి మరల చూడదగినది.

రావణుడు రామునితో నేరుగా పోరుటకు రాలేదు. మారీచుని పిలిచి లేడి రూపమున పొమ్మనెను. మారీచునకు రామబాణపు దెబ్బ పూర్వమే తెలియును. వలదని హితవు చెప్పెను. చంపుదునని బెదిరించినపుడు, ఎట్లును చావు తప్పదు గావున రాముని చేతనే చచ్చుట మేలని బయలుదేరెను. బంగారు మేను, వెండి చుక్కలు గల లేడి పర్ణశాల ముంగిట తిరిగినది. పూలు కోయుచున్న సీత చూచి ముచ్చటపడినది. ఇంతవరకు అందరికి జ్ఞాపకముండును. కాని వాల్మీకము చదివినవారికి మరొక సంగతియు తెలియును. లక్ష్మణుడు దానిని చూచినంతనే, ఇట్టి లేడి లోకమున లేదు, ఇది మారీచుని మాయ యని స్పష్టముగా చెప్పెను. రాముడు ఆ మాటను త్రోసిపుచ్చలేదు. మారీచుడే యైనచో మునులను బాధించినవాడు గనుక చంపవలసినవాడే యని వెడలెను.

అనగా మోసమని తెలిసియు ఆ మోసము వెంటనే పోవుట జరిగినది. ఇది చాల లోతైన సంగతి. లేడి నిజమా, మాయా అను ప్రశ్నకు అక్కడ సరియైన జవాబే దొరకినది. కాని అడుగవలసిన ప్రశ్న అది కాదు. ఆశ్రమమున సీతకు కావలి ఎవరు? ఆ ప్రశ్నకును రాముడు ఒక ఏర్పాటు చేసెను; లక్ష్మణుని నిలిపిపోయెను. అందువలన లేడి పని సగమే అయినది. మిగిలిన సగము గొంతు చేసినది. చచ్చుచు మారీచుడు రాముని కంఠధ్వనితో కేక వేసెను. లక్ష్మణుడు దానిని కూడ నమ్మలేదు. అతనిని కదలించినది ఆ కేక కాదు, సీత పలికిన పరుషవాక్యములు. మొదటి ఎర కంటికి, రెండవ ఎర చెవికి. చివరికి అతని కాళ్ళను కదల్చినది మాత్రము మనసున నాటిన మాట. రావణుడు పర్ణశాల వాకిటికి వచ్చునప్పటికి ఎదురు నిలుచువాడు లేడు. (లక్ష్మణుడు గీత గీసిన కథ వాల్మీకమున లేదు, తరువాతి రామాయణములలో వచ్చినది. దాని చర్చ ఇక్కడ మొదలుపెట్టినచో అదియే మరొక ఎఱ్ఱచేప యగును.)

భారతమున ద్రోణుని కథయు ఇట్టిదే. అశ్వత్థామ యను పేరుగల ఏనుగు నిజముగనే చచ్చినది. ధర్మరాజు చెప్పినదానిలో ప్రతి మాటయు నిజమే, ఒక్క మాట మాత్రము వినబడీ వినబడకుండ నున్నది. ద్రోణుని మనస్సు యుద్ధమునుండి కొడుకు మీదికి పోయినది. విల్లు క్రింద పెట్టినాడు.

కాబట్టి ఎఱ్ఱచేపను గుర్తించుటకు నిజాబద్ధముల పరీక్ష చాలదు. చేప నిజమైన చేపయే కావచ్చును. అడిగినదానికి ఇది జవాబా, కాదా అనునదే పరీక్ష. వినుటకు ఇది చిన్న భేదము. కాని గ్రామజీవితమున దీనివలన ఇండ్లు నిలిచినవి, ఇండ్లు కూలినవి.

అప్పు తెచ్చిన రైతు సంగతి చూడుడు. పంట అమ్మిన పైకము కట్టినాడు. "సేటూ, మొన్న కట్టిన పైకానికి రసీదు ఇయ్యుండ్రి" అని అడుగును. అవతలివాడు కసరుకొనడు, లేదనడు. "కూసో, కూసో. పెద్దబిడ్డ పెండ్లి ముచ్చట యాడిదాక వచ్చె?" అని ఆప్యాయముగా అడుగును. బిడ్డ పెండ్లి ముచ్చట నిజమే. దానికి మరల పైకము కావలసినదియు నిజమే. ఈ ఏడు వానలు వెనుకబడినవను మాటయు నిజమే. తాంబూలము వేసికొని, మంచి మాటలు విని, రైతు ఇంటికి వచ్చును. దర్వాజ దాటిన పిదప భార్య అడుగును, రసీదేదని. అప్పుడు జ్ఞాపకము వచ్చును. మూడేండ్లకు అదే పైకము వడ్డీతో కూడ మరల కాగితమున లేచి నిలుచును. వడ్డీ వ్యాపారులు లెక్కలు సరిగా ఉంచవలెననియు, కట్టినదానికి రసీదు ఇయ్యవలెననియు నిజాము రాజ్యముననే 1349 ఫసలీలో, అనగా 1939-40 ప్రాంతమున, చట్టము వచ్చినది. చట్టము వచ్చినను, అడిగిన మాటను చివరిదాక పట్టుకొని నిలుచువానికే అది అక్కరకు వచ్చును.

కాగితము చదువనేరని కాలమున ఈ చిక్కు ఇంకను ఎక్కువ. నిజాము రాజ్యమున 1880ల దశకములో పారసీకమునకు బదులు ఉర్దూ అధికారభాష యైనది. తెలుగు తప్ప మరొకటి ఎరుగని రైతు, ఉర్దూలో వ్రాసిన దస్తావేజు మీద బొటనవ్రేలి నిశానీ వేసెడివాడు. చదివి చెప్పువాడు ఏది చదివెనో, ఏది విడిచెనో అతనికి తెలియదు. పహాణీలు, రసీదులు, జమాబందీ లెక్కలు అన్నియు కలము పట్టినవారి చేతులలో నుండెను. 1980ల దశకములో పట్వారీ, పటేలు పదవులు రద్దగువరకు ఆ కలమునకు గ్రామమున ఎంత బలముండెనో పెద్దలు ఎరుగుదురు. ఆ కలము పట్టినవారిలో న్యాయముగా వ్రాసినవారును కలరు. ప్రశ్న అడిగినవానికి వేరొక పుట చూపి పంపినవారును కలరు. రెండవవారు లేరని ఎవరైన చెప్పినచో ఆ మాట పొగపట్టిన చేపవలె వాసన కొట్టును.

ఆదిలాబాదు అడవులలో స్థితి దీనికంటె కఠినము. తరతరములుగా దున్నుకొనుచున్న భూమికి పట్టా అను కాగితము కావలెనను సంగతియే గోండులకు చాలమందికి తెలియలేదు. తెలిసిన పైవారు వచ్చి ఆ భూములకే పట్టాలు చేయించుకొనిరి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము ప్రాణములర్పించిన పిమ్మట, నిజాము ప్రభుత్వము ఆ ప్రాంతపు స్థితిగతులను విచారించుటకు హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పంపినది. అతడు ఈ భూముల సంగతి విపులముగా వ్రాసెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము ఏర్పడినది. గోండీ భాషలో వాచకములు తయారైనవి. భూమికొరకు జరిగిన ప్రయత్నమును, అక్షరము కొరకు జరిగిన ప్రయత్నమును ఒకే కాలమున ఒకే చోట జరుగుట కాకతాళీయము కాదు. వాసన పట్టనేర్చిన కుక్కను దారి తప్పించుటకు చేప కావలెను. కాగితమే ఎరుగనివానిని తప్పించుటకు చేపయు అక్కరలేదు.

ఇప్పుడు చదువు వచ్చినది, చేపలును పెరిగినవి. గ్రామసభలో ఒకరు లేచి చెరువు మత్తడి మరమ్మతుకు వచ్చిన పైకమెంత, అయిన ఖర్చెంత అని అడుగుదురనుకొనుడు. జవాబుగా, కట్ట మీదికి బఱ్ఱెలను తోలునది ఎవరను మాట లేచును. బఱ్ఱెలు కట్టను తొక్కుట నిజమే. వెంటనే బఱ్ఱెలవారు లేచి, తూము దగ్గర నీరటి పక్షపాతము చేయుచున్నాడందురు. అదియు కొంత నిజమే కావచ్చును. అటుపిమ్మట పదేండ్లక్రింద బతుకమ్మనాడు జరిగిన తగవు జ్ఞాపకము వచ్చును. చీకటి పడును. అందరును నిజములే చెప్పిరి. మత్తడి లెక్క మాత్రము రాలేదు. మొదట అడిగినవాడు కూడ ఇంటికి పోవుచు బఱ్ఱెల సంగతియే మాటలాడుకొనుచు పోవును. ఎఱ్ఱచేప బలమంతయు ఇక్కడనే యున్నది. అడిగినవానికే తాను అడిగినది మరపించును.

లోకసభలో ప్రతి దినము మొదటి గంటను ప్రశ్నలకు కేటాయించుటయు, ఆ ప్రశ్నలను ముందుగనే అచ్చువేసి సభ్యులకు పంచుటయు ఊరక ఏర్పడిన ఆచారము కాదు. అచ్చులో నున్న ప్రశ్న మరచిపోదు. మంత్రి ఎంతసేపు మాటలాడినను, చివర కాగితము చూచినచో జవాబు వచ్చినదా లేదా తేలిపోవును. గ్రామసభ పుస్తకమునను మొదట అడిగిన ప్రశ్నను పుట పైభాగమున వ్రాసి, జవాబుకు క్రింద చోటు విడిచిపెట్టినచో, ఆ ఖాళీ చోటే అందరిని అడుగుచుండును. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఈ గ్రంథాలయమున సాయంకాలము పత్రిక చదివి వినిపించువారు, ఒక వార్త చదివిన పిదప "శీర్షికలో ఏమన్నారు, లోపల ఏమి చెప్పినారు" అని ఒక్క మాట అడిగినచో వినువారికి ఆ అలవాటు తానే పట్టుబడును. కాబెట్ పత్రిక విన్న కూలిజనులకు పట్టుబడినది అట్లే.

తరిగొనకుండ ఒక చిన్న మాట మిగిలినది. మనస్సు మరియొక చోట నుండుటకు తెలుగున పరాకు అని పేరు. "పరాకున ఉండి పాలు పొంగనిచ్చినది" అందురు. సంస్కృతమున పరాక్ అనగా ఆవలివైపునకు తిరిగినది యని యర్థము. పరాఙ్ముఖుడను మాటలో నున్నది అదియే. ఈ లెక్కన చేప పేరుగాని, లేడి పేరుగాని లేకుండ, మొగము అవతలికి తిరుగుట అను ఒక్క క్రియనే తెలుగు ఈ మాటలో పట్టి యుంచినది. మరి రాజు కొలువునకు వచ్చువేళ బంగారు బెత్తములవారు "పరాకు, బహుపరాకు" అని కేకలు వేసిరి గదా, వారు సభను పరాకున ఉండుమని చెప్పిరా? కాదు. పరాకు కలదు సుమా, మొగము ఇటు త్రిప్పుడని హెచ్చరించిరి. ఏ దోషమును పోగొట్టవలెనో ఆ దోషము పేరే పిలుపైనది. బ్రౌను దొర నిఘంటువున రెండర్థములును పక్కపక్కనే యున్నవి. కొలువులు పోయినవి, బెత్తములవారును పోయినారు. దేవాలయములలో స్వామికి దర్బారు సేవ జరుగు వేళ ఆ కేక నేటికిని వినబడుచున్నది.